గిన్నె కింది ఖాళీ

రాయలసీమలో పొయ్యి గట్టితనాన్ని పరీక్షించేది సంగటి. అన్నం పడేసి పక్కింటికి పోయి రావచ్చు. పప్పు ఉడికిందాకా గడప మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. సంగటి దగ్గర ఆ ఆటలు సాగవు. బియ్యం మెత్తగా ఉడికి, పైన పోసిన రాగిపిండి కుతకుతలాడాక కట్టె అందుకుని గెలకాలి. పిండి బిగుసుకునే కొద్దీ కట్టెకు బలం కావాలి, ఆ బలమంతా గిన్నె మీదికే పోతుంది. అందుకే చాలామంది ఆడవాళ్లు ఆ సమయానికి గిన్నెను కిందికి దించి, మసిగుడ్డ వేసి రెండు పాదాల మధ్య నొక్కిపట్టుకుని గెలుకుతారు. పొయ్యిని పూర్తిగా నమ్మరన్న మాట.

బెంగళూరులో భవనాల పనికి పోయే అనంతపురం కూలీలు పొయ్యిని మూటలో కట్టుకుపోరు. పనిచోట దొరికిన మూడు ఇటుకలు, నాలుగు సెంట్రింగు కడ్డీ ముక్కలు, కాస్త బైండింగు తీగ చాలు, సాయంత్రానికి పొయ్యి తయారు. గ్యాసు దొరికినా ఇదే తెలివి పనిచేస్తుంది. మంట వస్తుంటే చాలు, దాని మీద నాలుగు కడ్డీలు పరిచి గిన్నె పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. మరి ఆ మంట వంట కోసం తయారైంది కాకపోతే? గది వేడెక్కించే గ్యాసు హీటరు మీద ఇలాంటి కడ్డీల జాలి పెట్టి వండుకోవచ్చా?

అనంతపురంలో చలికి గ్యాసు హీటరు వెలిగించే ఇల్లు వెతికినా దొరకదు. కానీ ఆ వస్తువు మనకు కొత్తదేం కాదు. కోళ్ల ఫారంలో కోడిపిల్లల నెత్తిన గొలుసుతో వేలాడే గ్యాసు బ్రూడరు దాని తోబుట్టువే. ఇక్కణ్నుంచి డాలస్‌కో టొరంటోకో పోయిన మన పిల్లల ఇళ్ల గ్యారేజీల్లో, కరెంటు పోయిన రోజు కోసమని ప్రొపేన్ హీటరు ఒకటి మూలన ఉంటుంది. కరెంటు పోయిన ఆ రోజే ఆకలి కూడా వేస్తుంది. ఈ ప్రశ్న పుట్టేది అప్పుడే. దీనికి జవాబు జాలిలో లేదు, గిన్నెకూ మంటకూ నడుమ ఉండే ఖాళీలో ఉంది.

మూడు రాళ్ల లెక్క

ముందు మనకు తెలిసిన పొయ్యి దగ్గర మొదలుపెడదాం. మూడు రాళ్లు పెట్టి గిన్నె నిలిపినప్పుడు ఆ రాళ్లు రెండు పనులు చేస్తాయి. గిన్నెను మోస్తాయి, అది అందరికీ కనిపించే పని. మంట నిలువునా సాగడానికి, కిందినుంచి గాలి రావడానికి, కాలిన వాయువులు పక్కలకు పోవడానికి చోటు కూడా ఇస్తాయి. అసలు పని ఈ రెండోది. రాళ్లు పొట్టివైతే మంట గిన్నె అడుగుకు తగిలి చల్లబడుతుంది. సగం కాలిన కర్బనం మసై అంటుకుంటుంది, కళ్లలో పొగ కమ్ముతుంది. రాళ్లు మరీ ఎత్తయితే వేడి గిన్నెను తాకకుండానే గాలిలో కలిసిపోతుంది.

మామూలుగా మూడు రాళ్ల పొయ్యిలో కట్టెల వేడిలో 10 నుంచి 15 శాతమే గిన్నెకు చేరుతుంది. ఒక లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరగబెట్టడానికి దాదాపు 293 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఎండిన కట్టె కిలోకు సుమారు 15 మెగాజౌళ్లు ఇస్తుందనుకుంటే, 15 శాతం సామర్థ్యంతో ఆ లీటరు నీళ్లు 130 గ్రాముల కట్టెను మింగుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేలలో, కంది కట్టె, కంపచెట్ల కొమ్మలు, పిడకలు ఏరుకొచ్చే చోట ఆ 130 గ్రాములు చిన్న సంగతి కాదు.

దీనికి తోడు గాలి. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే వానను దింపుకుని, ఈ పీఠభూమి మీదికి వచ్చేసరికి చాలావరకు ఉత్త గాలిగా మిగులుతాయి. రామగిరి కొండల మీద తొంభైల నుంచే గాలిమరలు తిరుగుతున్నాయంటే కారణం అదే. మరను తిప్పే గాలి పొయ్యి కింద మంటను గిన్నె అడుగు నుంచి పక్కకు ఈడ్చేస్తుంది. ఆరుబయట వండేవాళ్లు గాలివాటం చూసి ఒకవైపు బండ అడ్డం పెట్టుకునేది అందుకే.

రాయిని ఎంచడంలోనూ శాస్త్రముంది. ఈ నేల మీద ఎక్కడ చూసినా తెల్లటి పలుగురాళ్లు మెరుస్తుంటాయి. నున్నగా, అందంగా ఉన్నా అవి పొయ్యికి పనికిరావు. పలుగురాయి అంటే క్వార్ట్జ్. 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటికాల అమరిక మారి, ఘనపరిమాణం ఉన్నట్టుండి పెరుగుతుంది. రాయి ఒకవైపు ఎర్రగా కాగి మరోవైపు చల్లగా ఉంటే ఠప్పున పగులుతుంది. వంకలో నానిన రాయైతే లోపలి తేమ ఆవిరై చిట్లి ముక్కలు ఎగురుతాయి. ఎండలో ఏళ్లతరబడి పడి ఉన్న ఎండు నల్లరాయిని ఏరుకునే అవ్వకు ఈ 573 తెలియకపోవచ్చు, ఏ రాయి పేలుతుందో మాత్రం తెలుసు.

ఖాళీని కట్టేసిన వాళ్లు

ఈ ఖాళీని వండేవాళ్ల చేతివాటానికి వదలకుండా పొయ్యిలోనే స్థిరంగా కట్టేద్దామన్న ఆలోచన మన దగ్గర పాతదే. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజు పొగగొట్టమున్న మట్టి పొయ్యిని రూపొందించారు. కోట్లాది ఇళ్లకు పొగలేని వంటగదులు రావాలని 1953లో పుస్తకమే రాశారు. తర్వాత అనంతపురానికి పొరుగునే ఉన్న బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో, అమూల్య రెడ్డి 1974లో మొదలుపెట్టిన ‘ఆస్త్ర’ కేంద్రం నుంచి మూడు గిన్నెల ‘ఆస్త్ర ఒలె’ వచ్చింది. కన్నడంలో ఒలె అంటే పొయ్యి. గిన్నె పైన కూర్చోకుండా పొయ్యి కన్నంలోకి దిగుతుంది. గోడకూ గిన్నెకూ మధ్య సన్నటి సందు మిగులుతుంది. వేడి వాయువులు ఆ సందులోంచి గిన్నెను రాసుకుంటూ పోక తప్పదు.

చిక్కల్లా ఒక్కటే. కన్నం కొలతకు గిన్నె కుదరాలి. పండగకు పెద్ద డేగిశా పెట్టినా, పాలకు చిన్న గిన్నె పెట్టినా లెక్క తప్పుతుంది. 1983లో మొదలై 2002లో ఆగిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమంలో కట్టిన పొయ్యిలెన్నో పగిలిపోయి, ఆ పక్కనే మళ్లీ మూడు రాళ్లు వెలిశాయి. ఏ గిన్నెకైనా సర్దుకుపోవడం మూడు రాళ్లకున్న బలం.

1999లో ఆంధ్రప్రదేశ్‌లో మహిళా పొదుపు సంఘాలకు దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు వచ్చాయి. 2016లో దేశమంతటా ఉజ్వల వచ్చింది. 2013 నుంచి 5 కిలోల చిన్న సిలిండరు పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతోంది. సొంత ఊరు వదిలి తిరిగే కూలీకి ఇది పెద్ద ఊరట. గ్యాసు పొయ్యిలో ఖాళీ సమస్యను ఇంజనీర్లు మనకు కనబడకుండానే తీర్చేశారు. బర్నరు చుట్టూ ఉండే ఇనుప కాళ్ల ఎత్తు ఆ బర్నరు మంట పొడవుకు సరిగ్గా కొలిచి పెట్టింది. నీలి మంట లోపలి కోను కొస గిన్నెను తాకదు, దానికి కాస్త పైన ఉండే అత్యంత వేడి భాగం తాకుతుంది. ఇంట్లో వాడే గ్యాసు పొయ్యికి కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ లెక్కన మన లీటరు నీళ్లకు 10 గ్రాముల లోపు గ్యాసు సరిపోతుంది.

మంట వేరు, మెరిసే పలక వేరు

ఇక హీటరు. చేతిలో పట్టుకుపోయే ప్రొపేన్ హీటర్లు చాలావాటిలో ఎదురుగా ఒక పింగాణీ పలక ఉంటుంది. దానినిండా సూది మొన అంత కన్నాలు. గ్యాసూ గాలీ ముందే కలిసి ఆ కన్నాల్లోంచి వచ్చి, పలక ఉపరితలం మీదే కాలుతాయి. పొడుగాటి మంట లేవదు. పలక నారింజ రంగులో మెరుస్తుంది. గ్యాసు పొయ్యి వేడి గాలిని గిన్నెకు తగిలించి పనిచేస్తే, హీటరు ఎక్కువగా పరారుణ కిరణాలను విసిరి పనిచేస్తుంది. కోడిపిల్లలకు వెచ్చదనం అందేదీ ఇలాగే. గాలి వేడెక్కేదాకా ఆగకుండా కిరణాలు నేరుగా ఒంటికి తగులుతాయి.

ఆ కిరణాల బలం చూడండి. 900 డిగ్రీలకు కాగిన పలక చదరపు మీటరుకు వంద కిలోవాట్లకు పైగా వెదజల్లగలదు. ఎన్.పి.కుంట సౌర పార్కులో మిట్టమధ్యాహ్నం పలకల మీద పడే ఎండ చదరపు మీటరుకు దాదాపు ఒక కిలోవాటు. అంటే హీటరు ముఖం మన ఎండకు నూరంతలు. ఇంకో సంగతి, ఈ ప్రసారం ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. పలక 900 నుంచి 800 డిగ్రీలకు దిగితే వేడి తొమ్మిదో వంతు తగ్గుతుందనుకుంటాం. నిజానికి 30 శాతం పడిపోతుంది.

దూరం సంగతీ ఉంది. పలకకు బాగా దగ్గరగా కాస్త అటూ ఇటూ జరిగితే పెద్ద తేడా రాదు. పలక వెడల్పుకు మించి దూరం పోయాక మాత్రం దూరం రెట్టింపయిన ప్రతిసారీ వేడి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కోళ్ల ఫారంలో పనివాడు థర్మామీటరు కంటే ముందు కోడిపిల్లలను చూస్తాడు. అవి బ్రూడరు కింద ఒకదాన్నొకటి తొక్కుకుంటూ గుంపైతే చలి, అంచులకు పారిపోతే ఉడుకు, సమంగా పరుచుకుని మేత తింటుంటే సరి. దాన్నిబట్టి గొలుసు ఒక లింకు ఎత్తుతాడు, ఒక లింకు దించుతాడు. అతను సవరించేదీ ఖాళీనే.

హీటరు మీద వంటలో మరో తమాషా ఉంది. తళతళలాడే కొత్త అల్యూమినియం గిన్నె పరారుణ కిరణాల్లో అధికభాగాన్ని అద్దంలా తిప్పికొడుతుంది. ఏళ్లుగా కట్టెల పొయ్యి మీద నల్లబడిన సంగటి గిన్నె దాదాపు అన్నిటినీ తాగేస్తుంది. కోడలు బూడిదతో తోమి మెరిపించిన గిన్నె ఈ ఒక్కచోట అత్త మసిగిన్నె ముందు ఓడిపోతుంది.

జాలి పెడితే ఏం జరుగుతుంది

గ్యారేజీ హీటర్లు పెద్ద సెట్టింగులో గంటకు 200 గ్రాముల దాకా ప్రొపేన్ కాలుస్తాయి. అంటే సుమారు రెండున్నర కిలోవాట్లు, గ్యాసు పొయ్యి పెద్ద బర్నరుకు తీసిపోదు. కానీ ఆ శక్తి అరచేతులంత పలక మీద పరుచుకుని ముందువైపుకు పోతుంది. గిన్నె కూర్చునేది మాత్రం పైన. హీటరు నెత్తిన జాలి పెట్టి గిన్నె నిలిపితే దానికి అందేది పైకి లేచే వాయువుల వేడి ఒక్కటే. టీ నీళ్లు గోరువెచ్చనై అక్కడే ఉండిపోతాయి.

అప్పుడు రెండో ఆలోచన వస్తుంది, హీటరును వెల్లకిలా పడుకోబెడితే పలక పైకి చూస్తుంది కదా అని. ఈ పని ఎప్పుడూ చేయకూడదు. సిలిండరులో కింద ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. నిలువుగా ఉంటే ఆవిరే బయటికి వస్తుంది. దానికి తగిలించిన హీటరుతో పాటు పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి పోవచ్చు. ద్రవ గ్యాసు ఆవిరైతే సుమారు 250 రెట్లు విస్తరిస్తుంది. చిటికెడు మంట కావలసిన చోట నిలువెత్తు జ్వాల లేస్తుంది. మంచి హీటర్లలో వాలితే ఆరిపోయే మీట పెట్టింది ఇందుకే. దాన్ని తీగతో కట్టేసి పడుకోబెట్టేవాళ్లు తమ కాపలా కుక్కను తామే కట్టేసుకున్నట్టు.

పలక పైకి చూసేలా తయారైన హీటరే దొరికిందనుకుందాం. గిన్నెను అంగుళం దూరంలో పెడితే గిన్నె అడుగు తిప్పికొట్టిన వేడి పలకనే కాలుస్తుంది. పలక వెనకవైపు కూడా కాగిపోతే కన్నాల వెనకున్న గ్యాసు అక్కడే అంటుకుంటుంది, మంట వెనక్కి తన్నుతుంది. ఇంతలో సంగటికి పెట్టిన ఎసరు పొంగుతుంది. గ్యాసు పొయ్యి మీద అయితే గుడ్డతో తుడిచేస్తాం. ఇక్కడ 900 డిగ్రీల పింగాణీ మీద గంజి పడుతుంది. కన్నాలు మూసుకుపోతాయి, పలక నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలోంచి సరిగా కలవని గ్యాసు పసుపు మంటగా కాలడం మొదలవుతుంది.

అసలు ప్రమాదానికి రంగూ వాసనా ఉండవు. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా కాలడానికి ఐదు పాళ్ల ఆక్సిజన్, అంటే దాదాపు 24 పాళ్ల గాలి కావాలి. గిన్నె గాలికి అడ్డుపడినా, వేడి వాయువులను ముందే చల్లార్చినా దహనం సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత. మనిషి నిద్ర వస్తోందనుకుని పడుకుంటాడు. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు బొగ్గుల గ్రిల్లులూ జనరేటర్లూ ఇళ్లలోకి తెచ్చుకున్న వందలమంది ఈ వాయువుతోనే ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. రేకుల షెడ్డులో చలికి తలుపు బిగించి వండుకునే కూలీకీ ఇదే గండం.

మరొకటి. సిలిండరు మూతికే బర్నరు బిగించుకునే చిన్న పొయ్యి మీద రొట్టెల కోసం వెడల్పాటి పెనం పెడితే, అది గొడుగులా వేడిని కిందికి, రెగ్యులేటరు మీదికి తిప్పుతుంది. గాలి కొడుతోందని చుట్టూ రేకు కట్టారా, సిలిండరు కూడా అదే వేడిలో చిక్కుతుంది. ప్రొపేన్ మరిగేది సున్నాకు 42 డిగ్రీల దిగువన. వేడెక్కే కొద్దీ లోపలి పీడనం ఎగబాకుతుంది. రామగిరి గాలిలో రేకు అడ్డం పెట్టాలన్న ఆలోచన తప్పు కాదు. సిలిండరును ఆ అడ్డం లోపల ఉంచడం తప్పు.

ఇక సంగటి కట్టె. సిలిండరు, బర్నరు, గిన్నె కలిపి 15 కిలోలు, సిలిండరు అడుగు రింగు అరవ్యాసం 10 సెంటీమీటర్లు, గిన్నె అంచు నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. అంచు దగ్గర పక్కకు రెండున్నర కిలోల బలం తగిలితే మొత్తం ఒరుగుతుంది. సంగటి గెలికేవాళ్ల చేతికి రెండున్నర కిలోలు ఒక లెక్కా? పాదాల మధ్య గిన్నె పట్టే అలవాటుకు భౌతికశాస్త్రం పలికే సాక్ష్యం ఇదే.

కడ్డీలూ తీగలూ

జాలికి ఏ లోహం వాడతామన్నదీ ముఖ్యమే. జీఐ తీగ, కంచె మెష్, నీళ్ల గొట్టం ముక్కల మీద జింకు పూత ఉంటుంది. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది. ఎర్రగా కాగిన పూత నుంచి వచ్చే తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరంలా ఒళ్లు వణుకుతుంది. గాల్వనైజ్డ్ పైపులు అతికే వెల్డర్లకు ఈ జ్వరం బాగా తెలుసు. పాత ఫ్రిజ్ అరల జాలి కూడా వద్దు, దాని మీద ఏ పూత ఉందో మనకు తెలియదు. పూత లేని 8 మిల్లీమీటర్ల కడ్డీ మేలు. మొదటిసారి ఆరుబయట ఎర్రగా కాల్చి నూనె, మట్టి వదిలించి వాడుకోవాలి. ఇనుము ఎరుపెక్కడం మొదలయ్యేది 525 డిగ్రీల దగ్గర. ఎర్రబడిన కడ్డీ గిన్నె బరువుకు వంగుతుంది. కాబట్టి కడ్డీ మెరుస్తోందంటే జాలి మరీ దగ్గరగా ఉందని అర్థం.

ఏం చేయాలి

హీటరును హీటరుగానే ఉంచడం అన్నిటికన్నా మేలు. చిన్న సిలిండరుకు పొడుగు గొట్టంతో నేల మీద కూర్చునే ఒంటి బర్నరు పొయ్యి తగిలిస్తే సంగటి కూడా నిశ్చింతగా వండొచ్చు. రెండు పనులకూ పనికొచ్చేలా, గిన్నె కాళ్లతో సహా తయారీదారే అమ్మే హీటర్లు అమెరికాలో ఉన్నాయి. అవైతే సరే, అదీ ఆరుబయటే.

తప్పనిసరై, బయట, పైకి చూసే బర్నరు మీద జాలి కట్టాలంటే దాని కాళ్లు నేల మీద ఉండాలి, హీటరు మీద కాదు. మన ఇనుప ముక్కాలి పద్ధతి అదే. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్లు కదలకుండా ఆనుతాయి, నాలుగోది కుంటుతుంది. పక్కలన్నీ తెరిచి ఉండాలి. గాలికి అడ్డం ఒకవైపే, సిలిండరు అడ్డానికి అవతల. గిన్నె అడుగు బర్నరు కంటే మరీ వెడల్పు కాకూడదు. అతుకుల దగ్గర సబ్బునురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, కారితే పైకి పోదు, గుంటల్లో నిలుస్తుంది. కాబట్టి పల్లంలో పొయ్యి పెట్టకూడదు.

ఎత్తు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. పది నిమిషాలు నీళ్లు కాచి, గిన్నె చల్లారాక తిరగేసి చూడండి. అడుగున కొత్తగా మసి పట్టిందంటే మంట ఊపిరాడక కాలింది, జాలి ఎత్తాలి. కానీ మసి లేనంత మాత్రాన కార్బన్ మోనాక్సైడ్ లేదని కాదు. ఆ మాట గిన్నె చెప్పలేదు. అందుకే వంట ఆరుబయటే.

కట్టెల పొయ్యి మీద పెట్టేముందు మన ఇళ్లలో గిన్నె అడుగుకు ఎర్రమట్టి పూసేవారు, మసి మట్టితో పాటే కడుక్కుపోతుందని. గ్యాసు వచ్చాక ఆ పూత అవసరం తీరిపోయింది. గిన్నె అడుగు తిరగేసి చూసే అలవాటు మాత్రం పోనివ్వకూడదు. కింద ఖాళీ చాలిందో లేదో ముందుగా తెలిసేది ఆ అడుగుకే.